రెండు పొయ్యిల మీద పులిహోర

మా అమ్మాయి డిగ్రీ రెండో ఏడు చదువుతుండగా నా ముక్కు పోయింది. ముక్కు ఉన్నచోటే ఉంది, వాసన పోయింది. ఏదో జ్వరం వచ్చి నన్ను కొన్నాళ్ళు మంచాన పడేసి, వెళ్తూ వెళ్తూ దాన్ని పట్టుకుపోయింది. నాకు ముక్కు మీద కోపం అని మావాళ్ళు ఎప్పుడూ అంటుంటారు. "ముక్కు పోయినా కోపం మిగిలిందిలే" అని మా ఆయన హాస్యమాడాడు. ఆ రోజు సాయంత్రం ఆయనకి కాఫీ ఇవ్వలేదు.

మాది కృష్ణా జిల్లా. ఆయన ఉద్యోగం వల్ల పెళ్ళైన కొత్తలోనే హైదరాబాదు వచ్చి ఎల్బీనగర్‌లో ఒక కాలనీలో కాపురం పెట్టాం. మేం పై వాటాలో ఉంటాం. కింది వాటాలో నల్గొండ దగ్గర పల్లెటూరి నుంచి వచ్చిన కుటుంబం ఉంటుంది. ఆయన ట్రావెల్స్ బండి నడుపుతాడు, ఆవిడ ఇంట్లోనే బ్లౌజులు కుడుతుంది. నన్ను అక్కా అంటుంది. మాకిద్దరికీ మధ్య ఎప్పుడూ ఏదో ఒక గిన్నె మెట్లెక్కుతూ దిగుతూ ఉంటుంది. ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వకూడదని ఇద్దరికీ పట్టింపే.

మా ఇంటి పద్ధతి ఒకటి ముందు చెప్పాలి. మా పుట్టింట్లోనూ అంతే, అత్తవారింట్లోనూ అంతే, వండే మనిషి వంట రుచి చూడదు. వండింది ముందు దేవుడి దగ్గర పెట్టి, ఆ తర్వాతే నోట్లో పెట్టుకోవాలి. మధ్యలో గరిటె నాలుకకి తగిలిందంటే ఆ గిన్నె మొత్తం ఎంగిలి. మా అమ్మాయి చిన్నప్పుడు ఒకసారి పొయ్యి మీది పప్పులో స్పూను పెట్టి నాకితే దాని వీపు విమానం మోత మోగించాను. మరి ఉప్పు ఎలా తెలుస్తుంది అని అడుగుతారు. నాకు వాసనతో తెలిసేది. పులుసు మరుగుతున్నప్పుడు ఉప్పు చాలకపోతే ఒక వాసన, సరిపోతే ఇంకో వాసన. గిన్నె మీదకి వంగి ఒక్కసారి గాలి పీలిస్తే, చెయ్యి దానంతటదే ఉప్పు డబ్బా వైపు వెళ్ళేది, అక్కర్లేకపోతే ఆగిపోయేది. ఇన్నేళ్ళలో నా వంటకి ఎవరూ వంక పెట్టలేదు. ఒక్క మా ఆడపడుచు పెట్టింది, ఆవిడ లెక్కలోకి రాదు.

జ్వరం తగ్గి లేచాక పొయ్యి దగ్గరకి వెళ్ళి పోపు వేశాను. ఆవాలు చిటపటమన్నాయి, ఇంగువ పొంగింది, నాకేమీ తెలియలేదు. ఇంగువ డబ్బా మూత తీసి ముక్కు అందులో పెట్టినంత పని చేశాను. ఏమీ లేదు. నీరసం వల్లేమో, రేపటికి వస్తుందిలే అనుకున్నాను. రేపు వచ్చింది, అది రాలేదు. ఎవరికీ చెప్పలేదు. చెబితే అదే ఖాయమైపోతుందని ఒక పిచ్చి భయం. నోట్లో ఏం పెట్టుకున్నా మట్టి ముద్దలా ఉండేది, అందుకని నేను మాత్రం ఇంత చప్పటి మజ్జిగన్నం తిని ఊరుకునేదాన్ని. నేను వండిన కూర నేను తినడం మానేశానని నాకే తోచలేదు.

ఒకరోజు కింది ఆవిడకి దోసకాయ పప్పు పంపించాను. కాసేపటికి ఆవిడే గిన్నె పట్టుకుని పైకి వచ్చింది. గిన్నెలో పప్పు పంపినదంతా అలాగే ఉంది.

"ఏందక్కా, గింత ఉప్పేసినవ్? డబ్బా చెయ్యి జారి పడ్డదా ఏంది?" అని గుమ్మంలోనే అడిగేసింది. ఆవిడకి మనసులో ఒకటి, నోట్లో ఒకటి ఉండదు. నాకు తల కొట్టేసినట్టైంది.

మా ఆయన్ని అడిగాను. "బానే ఉంది కదా" అన్నాడు గోడవైపు చూస్తూ. అబద్ధం చెప్పడం కూడా రాదు ఆ మనిషికి. అమ్మాయిని నిలదీస్తే అప్పుడు బయటపడింది. జ్వరం తగ్గిన దగ్గర్నుంచీ కూరలన్నీ ఉప్పుకషాయమేనట. నేను నొచ్చుకుంటానని తండ్రీకూతుళ్ళు కూడబలుక్కుని, అన్నం ఎక్కువ కలుపుకుని నోరెత్తకుండా తింటున్నారు. పిల్ల గ్లాసులకి గ్లాసులు నీళ్ళు తాగుతుంటే ఎండలకేమో అనుకున్నాను నేను.

వాళ్ళ మీద కోపం రావాలి, రాలేదు. దుఃఖం వచ్చింది. నేను ఉద్యోగం చేసిన మనిషిని కాదు, సంగీతం నేర్చినదాన్ని కాదు. నలుగురిలో నాకంటూ ఉన్న పేరు ఈ చేతి వంట ఒక్కటే. చెవీ ముక్కూ చూసే డాక్టరు దగ్గరకి తీసుకెళ్ళారు. "వస్తుందమ్మా, ఎప్పుడని చెప్పలేను" అన్నాడు. ఇంటికొచ్చి స్టవ్ కట్టేసి, "నా చెయ్యి పోయింది. రేపట్నుంచి కర్రీ పాయింట్‌లో తెచ్చుకోండి" అని చెప్పేశాను.

"కర్రీ పాయింట్ ఎందుకు? నేను చేస్తా" అంది మా అమ్మాయి.

"నువ్వా? పాలు పొంగుతుంటే అమ్మా అని అరవడం తప్ప నీకేం వచ్చే?"

"అరవడం వచ్చుగా. అక్కడ్నుంచి మొదలుపెడతా" అంది.

దాని భాష గురించి కూడా చెప్పాలి. ఇంట్లో మాతో మా మాటే, మధ్యలో జర, పరేషాన్ దొర్లుతుంటాయి. ఫోనులో స్నేహితురాళ్ళతో మాట్లాడితే కింది ఆవిడ కూతురేమో అనుకుంటారు. చదివేది దిల్‌సుఖ్‌నగర్‌లో, మైక్రోబయాలజీ. కాలేజీ అయ్యాక మెట్రోలో నేరుగా ఇంటికొచ్చే పిల్ల కాస్తా, అప్పట్నుంచి బజారు తిరిగి సంచీ నింపుకుని రావడం మొదలుపెట్టింది. ఆ సంచీలోంచి ఏం బయటికి వస్తుందో అని మా ఆయన గుండెలు చిక్కబట్టుకుని కూర్చునేవాడు.

మొదటి వారం వంటలు చెప్పుకోకపోవడమే మర్యాద. బీట్‌రూటు తురిమి దోసెల పిండిలో కలిపింది, దోసెలు పెనం మీద నుంచి లేవలేదు. జామకాయతో పచ్చిపులుసు చేసింది, మా ఆయన తాగి "కొత్తగా ఉందమ్మా" అన్నాడు. ఆయన నిఘంటువులో అంతకంటే పెద్ద తిట్టు లేదు. ఒకరోజు నేను వంటింటి గుమ్మంలోనే కూర్చుని బీరకాయ చెక్కు తీస్తున్నాను. మా అమ్మాయి జీడిపప్పు నేతిలో పడేసి ఫోనులో మునిగిపోయింది. కింది ఆవిడ పరుగున పైకి వచ్చి, "ఏం మాడుతుందక్కా, కిందికి వాసనొస్తుంది!" అని అరిచేదాకా నాకు తెలియలేదు. మూకుట్లో జీడిపప్పు బొగ్గులైంది. నా ఎదురుగా మాడింది. అది నాలుక కరుచుకుని సారీ అంటే, నేను తిట్టలేకపోయాను. ఆ పూట అన్నం కూడా తినలేదు. అప్పటికే జాకెట్లు వదులైపోయి కింది ఆవిడ రెండు వైపులా కుట్లు వేసి ఇచ్చింది.

ఆ సాయంత్రమే అది నా పక్కన కూర్చుని ఒక మాట అంది. ఇప్పటికీ తలుచుకుంటే ఈ బుద్ధి దీనికి ఎక్కణ్ణుంచి వచ్చిందా అనిపిస్తుంది.

"అమ్మా, నీకు పోయింది వాసన ఒక్కటే. నాలుక మెల్లగా తేరుకుంటుంది, ఉప్పూ పులుపూ తీపీ చేదూ దాని పని. కారం మంట తెలుస్తుంది. వేడీ చల్లనా తెలుస్తాయి. కరకరలాడితే పంటికీ తెలుస్తుంది, చెవికీ తెలుస్తుంది. పోయినదాని కోసం నేను వండను. ఉన్నవాటి కోసం వండుతా."

నేనైతే పోయినదాని గురించి ఏడవడం తప్ప ఇంకో దారి ఉందనుకోలేదు. పాతికేళ్ళు వంట చేసినదాన్ని, నాకు తట్టలేదు.

ఆ తర్వాత మా ఇంట్లో జరిగినవి వంటలు అనాలో ప్రయోగాలు అనాలో తెలియదు. చారు కాచి, వడగట్టి, ఐసు ట్రేలో పోసి గడ్డకట్టించింది. పొగలు కక్కే అన్నంలో ఆ ముక్కలు వేసి కరిగేలోపు తినాలట. మా ఆయన తెలియక ఒకటి కొరికి దవడ పట్టుకుని బాల్కనీలోకి వెళ్ళిపోయాడు. నాకు మాత్రం వేడిలోంచి చల్లగా పులుపు తగిలి నాలుక ఉలిక్కిపడింది. చాలా రోజుల తర్వాత నోట్లో ఏదో జరిగింది. పైకి మాత్రం, "చారుకి ఈ గతి పట్టించావు" అన్నాను.

మరో రోజు మొక్కజొన్న పేలాలతో పెరుగు పచ్చడి చేసింది. పేలాలు తొలి ఏకాదశికి తింటాంగానీ పెరుగులో వేస్తారా ఎవరైనా? కంచంలో అన్నం పెట్టి, పెరుగు కలిపి, నేను ముద్ద ఎత్తబోయే క్షణంలో గుప్పెడు పేలాలూ, మీదనుంచి కాగుతున్న పోపూ గుమ్మరించింది. సుయ్యిమని చప్పుడు, నోట్లో పెట్టుకుంటే కరకర. "తొందరగా తినమ్మా, మెత్తబడిపోతుంది" అని పక్కన నిలబడి తొందర పెడుతుంటే నవ్వొచ్చింది. నవ్వుతూ ఇంకో ముద్ద తిన్నాను. అది చూడనట్టు తల తిప్పుకుంది, నేను చూశాను.

అన్నిటికంటే నాకు నచ్చింది గోంగూర సర్వపిండి. సర్వపిండి కింది ఆవిడ వంట. బియ్యప్పిండిలో నానబెట్టిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, కారం కలిపి గిన్నెకి సన్నగా అద్ది కాలుస్తారు. మా పిల్ల దానికోసం కిందికి దిగి శిష్యరికం చేసింది. మెట్ల మీద నిలబడి వింటే వాళ్ళ పాఠం వినిపించేది.

"పిండి పల్చగ కలపకు బిడ్డా. గిన్నెకు సన్నగ అద్దాలె. నడుమ నడుమ వేలితోటి తూట్లు పెట్టి, తూట్లల్ల నూనె పొయ్యి. మూత పెట్టి చెవి పెట్టి విను. సప్పుడు సన్నగైందంటే అడుగు ఎర్రగైనట్టు."

చెవితో వండటం అనే మాట మా అమ్మాయికి అక్కడ దొరికింది. పైకొచ్చి మా గోంగూర ఆ పిండిలో కలిపింది. కింది ఆవిడ విని, "సర్వపిండిల పుంటికూరనా? నీ తెలివి తెల్లారనియ్యి!" అని నెత్తి కొట్టుకుంది. తిన్నాక మాత్రం ఇంకో ముక్క విరిచి కొంగులో కట్టుకుని వెళ్ళింది. నాకు పులుపూ కారమూ తెలిశాయి, పల్లీ పంటికింద విరిగిన చప్పుడు తెలిసింది. మొత్తం ఒక గిన్నెడు నేనే తిన్నాను. జాకెట్ల కుట్లు మళ్ళీ విప్పించాల్సి వచ్చింది.

అలా దాని పుణ్యమా అని నేను తినడం మొదలుపెట్టాను. వండటం మాత్రం మొదలుపెట్టలేదు. స్టవ్ దాకా వెళ్ళి, ఉప్పు డబ్బా చూసి వెనక్కి వచ్చేసేదాన్ని. ఇక అది వండే తీరు చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఉల్లిపాయ వేగితే ఒకసారి రుచి, టమాటా మగ్గితే ఒకసారి రుచి, దించే ముందు ఒకసారి. నాకిన స్పూను మళ్ళీ అందులోనే. "దేవుడికి ఏం పెడతావే?" అని అరిస్తే, "అరటిపండు పెట్టా. ఆయన ఏం అనలేదు, నువ్వే అంటున్నావ్" అనేది.

శ్రావణం వచ్చింది. ఏటా వరలక్ష్మీ వ్రతానికి నేను తలస్నానం చేసి, తడి జుట్టు ముడేసుకుని, అన్నీ నా చేత్తో వండి అమ్మవారికి పెట్టి, సాయంత్రం కాలనీ ఆడవాళ్ళని పేరంటానికి పిలుస్తాను. పులిహోర కోసమే వచ్చేవాళ్ళు కొందరున్నారు, వాళ్ళూ దాచుకోరు. ఈసారి ప్రసాదాలు స్వీట్ షాపులో ఆర్డరు ఇచ్చేద్దాం అన్నాను. మా ఆయన సరేనన్నాడు. అమ్మాయి ఒప్పుకోలేదు.

"వ్రతం వంట నువ్వే చెయ్యాలి."

"ఎలా చెయ్యనే? వాసన తెలియదు. రుచి చూడకూడదు. ఉప్పు రాళ్ళు వండి అమ్మవారి ముందు పెట్టనా? వచ్చినవాళ్ళు మొహమాటానికి తిని వెనక నవ్వుకోవాలా?"

"ఒక్కసారి నేను రుచి చూసి చెప్తా."

"నా ప్రాణం పోయినా వీల్లేదు" అన్నాను. గొంతు పెద్దదైంది, ఏడుపు కూడా వచ్చింది. పద్ధతీ లేదు గిద్ధతీ లేదు అని కొట్టిపారేస్తుందనుకున్నాను, ఈ కాలం పిల్ల కదా. కొట్టిపారేయలేదు. రెండు మూడు రోజులు ఏదో ఆలోచిస్తూ తిరిగింది. తర్వాత ఒక సాయంత్రం కాలేజీ నుంచి వచ్చి, బ్యాగు కూడా దించకుండా చెప్పింది.

"మన స్టవ్‌కి రెండు పొయ్యిలున్నాయి కదమ్మా. రెండు గిన్నెలు పెడదాం. రెండిట్లోనూ అంతే చింతపండు, అన్నే నీళ్ళు. ఒకటి మనది, ఒకటి అమ్మవారిది. ఉప్పు ముందు మనదాంట్లో వెయ్యి. నేను అది రుచి చూస్తా. అమ్మవారి గిన్నె జోలికి నేను రాను, దాని గరిటె వేరు. మనదాంట్లో ఎంత వేశావో నీ చేతికి గుర్తుంటుంది. అంతే అందులో వెయ్యి."

నేను ఇన్నేళ్ళుగా పట్టుకు వేలాడుతున్న పద్ధతిని అది వెక్కిరించలేదు, విరగ్గొట్టలేదు. దాని పక్కన ఇంకో పొయ్యి వెలిగించింది. ఇంత బుద్ధిమంతురాలు నా కడుపున ఎలా పుట్టిందో నాకు నిజంగా తెలియదు. ఆ రోజు మాత్రం, "బ్యాగు సోఫా మీద పడెయ్యకు" అని ఊరుకున్నాను.

వ్రతం రోజు తెల్లవారుతూనే అదీ తలస్నానం చేసి వచ్చింది. అన్నం రెండు బేసిన్లలో ఆరబోసి పసుపు, నూనె కలిపాం. రెండు పొయ్యిల మీద రెండు గిన్నెల్లో చింతపండు గుజ్జు ఉడుకుతోంది. అది ఎడమ పొయ్యి దగ్గర తన స్పూను పట్టుకుని, కుడి పొయ్యికి తన చీర కూడా తగలకుండా ఒదిగి నిలబడింది. ఆ చీర నాదే. గిన్నెలు కుతకుతమంటున్నాయి. నేను అలవాటుగా వంగి గాలి పీల్చాను. వేడి తగిలింది, అంతే.

ఉప్పు డబ్బాలో చెయ్యి పెట్టి, ఎప్పుడూ తీసినట్టే గుప్పిట్లోకి తీసుకుని ఎడమ గిన్నెలో వేశాను. కలిపాను. మళ్ళీ వంగి పీల్చాను. మళ్ళీ ఏమీ లేదు. నా చెయ్యి మళ్ళీ డబ్బాలోకి వెళ్ళింది. ఉప్పు తీసి గిన్నె మీదకి తెచ్చేలోపు అది నా మణికట్టు పట్టుకుంది.

"ఆగమ్మా."

స్పూనుతో కాస్త తీసి, ఊదుకుని, నాలుక మీద వేసుకుని కళ్ళు మూసుకుంది. నేను ఒప్పుకుని నా వంట దేవుడి కంటే ముందు ఒక మనిషి నోట్లోకి వెళ్ళడం అదే మొదటిసారి. చేతిలో ఉప్పు తడిసిపోతోంది. అది కళ్ళు తెరవదు.

"సరిపోయింది" అంది.

"నా కోసం చెప్పకు. నిజం చెప్పు."

"నిజమేనమ్మా. నువ్వు ఎప్పుడూ వేసే ఉప్పే ఇది. ఇన్నాళ్ళూ జరిగింది ఇదే. మొదటిసారి సరిగ్గానే వేస్తున్నావ్. వాసన రావట్లేదని భయపడి మళ్ళీ వేస్తున్నావ్. చెయ్యి ఎక్కడికీ పోలేదు."

పిడికిట్లో ఉన్న ఉప్పు తిరిగి డబ్బాలో వెయ్యడానికి నాకు కాస్త సమయం పట్టింది. తర్వాత కుడి పొయ్యి వైపు తిరిగాను. గుప్పిట్లోకి ఉప్పు తీసుకుని అమ్మవారి గిన్నెలో వేశాను. వంగి వాసన చూడలేదు. రెండోసారి డబ్బా ముట్టుకోలేదు. మూత పెట్టి దాన్ని అవతలికి తోసేసి, పోపుకి మిరపకాయలు తుంచమని అమ్మాయికి చెప్పాను. నా గొంతులో ఆ పాత అధికారం వినపడి దానికి నవ్వొచ్చినట్టుంది, మిరపకాయలు తుంచుతూ అటు తిరిగి నిలబడింది.

సాయంత్రం పేరంటానికి అందరూ వచ్చారు. పసుపు రాశాను, బొట్టు పెట్టాను, శనగలు కట్టి ఇచ్చాను. పులిహోర ఆకుల్లో వడ్డించాను. అందరూ మాటల్లో పడి తింటున్నారు. నేను ఎవరి మాటా వినడం లేదు, కింది ఆవిణ్ణే చూస్తున్నాను. నచ్చకపోతే మొహానే చెప్పే మనిషి ఆవిడొక్కతే. ఆవిడ ఆకు ఖాళీ చేసి, వేలితో అంచు కూడా తుడిచి, ఆకు నా ముందుకి చాపింది.

"అక్కా, ఇంకింత ఎయ్యి. మా ఆయనకు సుత గిన్నెల పెట్టియ్యి, రాత్రికి అన్నం వండ."

అమ్మవారి బేసిను అడుగు కనిపించింది. అందరూ వెళ్ళాక మా బేసిను మిగిలింది. దీపం ఇంకా వెలుగుతోంది. మేమిద్దరం వంటింట్లో కింద కూర్చుని అందులోదే కంచాల్లో పెట్టుకున్నాం. అది తినకుండా నన్నే చూస్తోంది.

నేను ముద్ద నోట్లో పెట్టుకున్నాను. వాసన లేదు. ఉప్పు తెలిసింది. దాని వెనకాలే పులుపు, ఆ తర్వాత పచ్చిమిరప మంట. పల్లీ పంటికింద టక్కుమంది. నెమ్మదిగా నమిలాను.

"ఎలా ఉందమ్మా?" అని అడిగింది.

నా వంట ఎలా ఉందని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళనీ నేను అడిగాను. నన్ను ఎవరూ అడగలేదు.

"బాగుందే" అన్నాను. "నేనే చేశాను."